మున్సిపాలిటీకి మైల

కొత్తలంకపేట మున్సిపాలిటీ గోడలకు బోర్డుల కొదవ ఎప్పుడూ లేదు. ఒక కమిషనర్ వచ్చి "చిరునవ్వుతో సేవ" అని పెట్టించి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా అక్కడ ఎవరూ నవ్వలేదు. ఇంకొకాయన "సమయపాలనే మన ఊపిరి" అని పెట్టించాడు. దాని పక్కనున్న గడియారం ఏనాడో ఆగిపోయింది, ఊపిరి మాత్రం అందరికీ బాగానే ఆడుతోంది. గోడకు మేకులు దిగడం తప్ప ఆ బోర్డుల వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అందుకే కొత్త కమిషనర్ విద్యాధరరావుగారు ఏదో కొండమీద రిసార్టులో శిక్షణ పూర్తిచేసుకుని, "మనమందరం ఒకే కుటుంబం" అనే బోర్డుతో దిగినప్పుడు నూకరాజు పెద్దగా పట్టించుకోలేదు. నిచ్చెనెక్కి మేకు కొట్టింది కూడా అతనే.

నూకరాజు నీళ్ళ ట్యాంకు దగ్గర మోటారు వేసి, వాల్వులు తిప్పి, ఊరంతటికీ నీళ్ళు వదిలే మనిషి. పొరుగుసేవల ఉద్యోగి. అంటే పని మున్సిపాలిటీది, మనిషి మున్సిపాలిటీవాడు కాదు. జీతం మధ్యలో ఒక కాంట్రాక్టరు చేతిమీదుగా వస్తుంది, వచ్చేటప్పుడు కాస్త చిక్కిపోయి వస్తుంది. బోర్డు పెట్టిన నెలలోనే, ఏళ్ళ తరబడి పనిచేస్తున్న పంపు ఆపరేటర్లను పర్మనెంటు చేయమని పైనుంచి ఉత్తర్వు దిగింది. ఊళ్ళో దానికి అర్హుడు నూకరాజు ఒక్కడే. ఇక కమిషనర్‌గారి సంతకమే తరువాయి.

ఆ కబురుకు అతనికన్నా ఎక్కువ పొంగిపోయింది అతని తల్లి సూరమ్మ. ఊళ్ళోకి కుళాయిలు రాకముందు ఏటినుంచి హోటళ్ళకు బిందెలతో నీళ్ళు మోసిన మనిషి ఆవిడ. ఇప్పుడు మంచంలో ఉంది.

"నేను నెత్తిమీద మోసేను, నువ్వు మోటారుమీద మోత్తన్నావు. పని ఒకటేరా. మనం మున్సిపాల్టీవోళ్ళమని కాయితం మీద ఉంటే ఓసారి సూసి పోతాను" అంది.

"వారంలో అయిపోద్దమ్మా" అన్నాడు నూకరాజు. నిజంగానే అనుకున్నాడు కూడా.

ఆ వారంలోనే బిల్లు కలెక్టరు పెదనాన్న పోయాడు. కమిషనర్‌గారు సంతాపసభ పెట్టి, గొంతు పూడుకుపోయేలా మాట్లాడారు. "ఆయన ఒక్కరి పెదనాన్న కాదు. మనందరికీ పెదనాన్న. మీ ఇంట్లో చావు మన ఇంట్లో చావు" అన్నారు.

అప్పుడు మేనేజరు గవరయ్యగారు లేచి నిలబడ్డారు. పద్ధతి అనే మాట లేకుండా ఆయన నోట మంచినీళ్ళయినా దిగవు. "అయ్యా, తమరు సెలవిచ్చినది శిరోధార్యము. అయితే చిన్న ధర్మసందేహము. చావు మన ఇంట్లోదే అయినపుడు, మైల కూడా మనకు వర్తించవలె గదా. పద్ధతి ప్రకారము" అన్నారు.

ఇదేం గోలరా బాబూ అని అందరికీ అనిపించింది, కమిషనర్‌గారితో సహా. కానీ ఆ మాట ఎవరంటారు? అక్కర్లేదన్నవాడు పెదనాన్న పోయినవాడి ముఖం ఎలా చూస్తాడు? రేపు వాడింట్లో ఎవరైనా పోతే వీళ్ళంతా ఏమంటారు? పైగా ఒకే కుటుంబమని గోడమీద రాయించుకున్నది కమిషనర్‌గారే. కాదంటే బోర్డు పీకాలి. ఒకరు తల ఊపారు. అది చూసి ఇంకొకరు ఊపారు. అందరూ ఊపుతుంటే చూసి కమిషనర్‌గారు కూడా, సరే, సిబ్బంది మనోభావం ఇదే కాబోలనుకుని, గంభీరంగా ఊపారు.

సర్క్యులర్ టైపు చేసింది కంప్యూటర్ ఆపరేటర్ సువార్త. ఆ అమ్మాయిదీ పొరుగుసేవే.

"అశౌచమంటే ఏంటండి?" అనడిగింది.

"మైలమ్మా."

"మరి మైలనే కొట్టొచ్చుగాండి?"

"సర్క్యులర్‌లో మైల అని రాస్తే కాయితం పరువు పోతుంది. అశౌచము అని కొట్టు" అన్నారు గవరయ్యగారు.

మైల ఉన్న పది రోజులూ ఆఫీసులో శుభకార్యాలు బందు. ఏది శుభం, ఏది అశుభం అని తేల్చడానికి కమిటీ కూర్చుంది. కొత్త కుళాయి కనెక్షన్ శుభం. ఇంటి ప్లాను మంజూరు శుభం. ఉద్యోగంలో చేర్చుకోవడం మహాశుభం. ఇవేవీ కూడదు. పన్నుల వసూలు, జరిమానాలు, కూల్చివేత నోటీసులు ఎవరికీ శుభం కావు కనుక నిరభ్యంతరంగా సాగుతాయి. చిట్టచివరి పేరా మాత్రం నూకరాజు రెండుసార్లు చదివించుకున్నాడు. "పొరుగుసేవల సిబ్బంది, పేరునుబట్టియే, పొరుగువారు. పొరుగువారికి మన అశౌచము అంటదు. కావున వారు సమస్త విధులనూ యథాతథముగా నిర్వర్తించవలెను."

పదో రోజున మైల వదలాలి. అందుకు ఆఫీసు పెరట్లో వరసగా షవర్లు పెట్టించారు. హోదా ప్రకారం తలంటు. ముందు కమిషనర్‌గారు, ఆ వెనక మేనేజరుగారు, ఆ వెనక సెక్షన్లవారీగా. కుంకుడురసం ఆఫీసు ఖర్చు. ఆ నీళ్ళకోసం నూకరాజు రెండో మోటారు కూడా వేసి, రెండు వీధులకు నీళ్ళు ఆపవలసి వచ్చింది. మర్నాడు తన సంతకం అవుతుందని ఆశపడ్డాడు.

మర్నాడు టౌన్ ప్లానింగ్ గుమస్తా మేనత్త పోయింది.

ఇక చూడండి. మూడొందల మంది ఉద్యోగులకు మేనత్తలు, పినతండ్రులు, దాయాదులు ఎంతమంది ఉంటారో ఎవరైనా లెక్కవేశారా? బతికుండగా పెళ్ళికి కూడా పిలవని చుట్టాలు పోయాక ఆప్తులైపోయారు. మైల రోజుల్లో పనెటూ తక్కువే. కష్టంలో ఉన్నవాళ్ళను పనెందుకు కాలేదని అడగడం మర్యాద కాదు. కొత్త కుళాయి కోసం డబ్బుకట్టి తిరుగుతున్న జనం కూడా, గేటు దగ్గర "ఈ కార్యాలయము అశౌచములో ఉన్నది" అనే పలక చూసి, "చావు సంగతి, ఏమంటాం" అని చెప్పులు చేత్తో పట్టుకున్నట్టు నెమ్మదిగా వెనక్కి పోయేవారు. కొందరు లోపలికొచ్చి పరామర్శ చేసి మరీ పోయేవారు.

సందేహాలు పుట్టిన కొద్దీ గవరయ్యగారికి వయసు తగ్గుతూ వచ్చింది. ఇక్కడినుంచి బదిలీ అయి వెళ్ళినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు ఇచ్చిన ఆడపిల్లలవంటివారు, వాళ్ళింటి చావుకు మూడు రోజుల మైల చాలు. డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్ళు? దత్తత వచ్చినట్టు లెక్క, పూర్తి మైల పట్టాలి. మరి రిటైరైనవాళ్ళు? వాళ్ళు ఇప్పటికే పితృదేవతల కోవలోకి వచ్చారు, వాళ్ళ పెన్షను కాగితాలు మహాలయ పక్షంలో చూస్తే సరిపోతుంది.

ఈ సంగతి తెలిసి పక్కూరి మున్సిపాలిటీవాళ్ళు కుమిలిపోయారు. వాళ్ళకున్నపాటి ఆప్యాయత మనకు లేదా అని వాళ్ళూ మైల మొదలుపెట్టారు. వాళ్ళను చూసి కరెంటాఫీసు, కరెంటాఫీసును చూసి రిజిస్ట్రారాఫీసు. ఎందుకు చేస్తున్నారని అడిగితే, అందరూ చేస్తున్నారు గనుక అన్నారు. మనం ఒక్కళ్ళమే మానేస్తే చావంటే లెక్కలేనివాళ్ళమని నలుగురూ అనుకోరా? చివరికి రాజధాని నుంచి ఒక బృందం వచ్చి, కొత్తలంకపేటది ఆదర్శ పరిపాలన అని తేల్చి, శాలువా, జ్ఞాపిక తెచ్చింది. సన్మానం శుభకార్యం. ఆఫీసు మైలలో ఉంది. చాలాసేపు తర్జనభర్జన పడి ఆ శాలువాను కమిషనర్‌గారి కుర్చీకి కప్పి, కుర్చీకే చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు.

ఊరు మాత్రం నడుస్తూనే ఉంది. వీధులు ఊడ్చేవాళ్ళూ, చెత్త ఎత్తేవాళ్ళూ, దీపాలు వేసేవాళ్ళూ, సువార్తా, నూకరాజూ, అందరూ పొరుగువాళ్ళే కదా. వాళ్ళకు మైల లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే సూరమ్మ అడిగేది. "ఇయ్యాల ఎవరు పోయార్రా మీ ఆఫీసులో?"

"శానిటరీ ఇన్‌స్పెక్టరుగారి తోడల్లుడి తల్లంటమ్మా."

"ఆళ్ళ సుట్టాలందరూ అయ్యేదాకా నేను ఓపిక పట్టాలి గావాల్రా" అని నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. ఆ దగ్గు వింటూ నూకరాజు గడపలో కూర్చునేవాడు. ఒక్క సంతకానికి ఇంత చావా అనిపించి అతనికి ఒళ్ళు మండిపోయేది. ఎవరిమీద మండాలో మాత్రం తెలిసేది కాదు. ఆఫీసులో అందరూ దుఃఖంలో ఉన్నవాళ్ళే.

అలా ఎండలు ముదిరి, వానలు పడి, ఏరు ఎర్రబడి, తేరుకుంది. చివరికి ఒక బుధవారం తలంటు అయ్యేసరికి ఎవరి ఇంట్లోనూ ఎవరూ పోలేదు. గవరయ్యగారు సెక్షన్లన్నీ తిరిగి కనుక్కున్నారు. మర్నాడు పొద్దున్నే పదింటికి దివ్యమైన ముహూర్తం ఉందన్నారు. "నూకరాజూ, నీ పంట పండింది. రేపు తలారా స్నానం చేసి రా" అన్నారు.

గురువారం తెల్లవారుతుండగా సూరమ్మ పోయింది.

కాఫీ తాగించబోతే నోటి పక్కనుంచి జారిపోయింది. నూకరాజు ఆ గ్లాసు అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు. ఇంకొక్క రోజు ఆగలేకపోయావా అమ్మా అని కోపం వచ్చింది, ఆ కోపానికి మళ్ళీ ఏడుపొచ్చింది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి పడుకోబెట్టి, తలదగ్గర దీపం పెట్టారు. సంతకం వాయిదా వేయమనీ, పది రోజులు తన బదులు మోటారుకు ఎవరినైనా చూడమనీ చెప్పడానికి అతను ఆఫీసుకు వెళ్ళాడు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

కమిషనర్‌గారి గదిలో బల్లమీద తమలపాకులు, పసుపు రాసిన కవరు సిద్ధంగా ఉన్నాయి. నూకరాజు విషయం చెప్పాడు. కమిషనర్‌గారు బోర్డు వైపు చూసి, గవరయ్యగారి వైపు చూశారు.

"చిక్కు వచ్చినదయ్యా" అన్నారు గవరయ్యగారు. "ప్రస్తుతము ఇతడు పొరుగువాడు. కావున ఇతని తల్లి మరణము మనకు అంటదు. కార్యాలయము శుద్ధముగానే ఉన్నది. తమరు సంతకము చేయవచ్చును. అయితే చేసిన క్షణమున ఇతడు కుటుంబ సభ్యుడగును. అగుటతోడనే ఇతని మైల మనకందరికీ అంటును. మైలలో చేసిన నియామకము చెల్లదు. చెల్లకపోవుటచే ఇతడు మరల పొరుగువాడగును. అపుడు మైల లేదు. లేకపోవుటచే సంతకము చెల్లును."

"చెల్లితే మళ్ళీ సభ్యుడవుతాడు కదండీ" అన్నారు కమిషనర్‌గారు నీరసంగా.

"అవునండయ్యా. అక్కడే తిరుగుచున్నది."

గదిలో ఫ్యాను కూడా అలాగే తిరుగుతోంది. ఈ ముహూర్తం దాటితే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. లెక్కల గుమస్తా మామగారు ఆస్పత్రిలో ఉన్నారట. గవరయ్యగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. తర్వాత మొహం విప్పారింది. లేచి వచ్చి నూకరాజు భుజంమీద చెయ్యి వేయబోయి, ఎక్కణ్ణుంచి వచ్చాడో గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు.

"ఒక మార్గమున్నది నాయనా. నీ మేలు కోరి చెప్పుచున్నాను. 'సూరమ్మ అను స్త్రీ నాకు ఏ విధమైన బంధువూ కారు' అని ఒక కాయితం రాసి సంతకం పెట్టు. అప్పుడు నీకు మైల లేదు. నీకు లేదు గనుక మాకూ లేదు. పదింటికల్లా నువ్వు మా కుటుంబంలోకి వచ్చేస్తావు."

గది మూల కంప్యూటరు దగ్గర టైపు చేస్తున్న సువార్త చేతులు ఆపేసింది.

నూకరాజు తెల్ల కాగితం వైపు చూశాడు. అమ్మ చూస్తానన్నది కాగితమే. అందులో తన పేరు ఉండాలంటే ఇందులో ఆవిడ పేరు కొట్టేయాలి. అతనికి కోపం రావలసింది, రాలేదు. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ వీళ్ళ సంతకంకోసమా తను తిరిగింది?

"మా అమ్మండి" అన్నాడు.

"అది మాకు తెలియనిదా? పద్ధతికోసం..."

"మా అమ్మేనండి. పది రోజులు రాలేనండి. ఆ సంగతి చెప్దామనే వచ్చేనండి."

గవరయ్యగారి గొంతు మారిపోయింది. "అట్లా కుదరదు. పొరుగుసేవలవారికి మైల లేదు. సర్క్యులర్‌లో స్పష్టముగా ఉన్నది. దహనం కానిచ్చి సాయంత్రానికి మోటారు దగ్గరుండు."

నూకరాజు మొలతాడుకున్న పంపుహౌసు తాళంచెవి ఒకసారి తడుముకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

అతను గేటు దాటాడో లేదో గవరయ్యగారు కేక పెట్టారు. చావింటి మనిషి నట్టింట్లోకి వచ్చి నిలబడ్డాడు, గాలి తగిలింది, అందరూ తలంటు పోసుకోవాలి. అతనికి మైల లేదని చెప్పిన నోటితోనే చెప్పారు. పెరట్లో షవర్లు విప్పారు. కమిషనర్‌గారి స్నానం పూర్తయింది. గవరయ్యగారు తలనిండా కుంకుడురసం పట్టించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని షవరు కింద నిలబడ్డారు. షవరు ఒకసారి గరగరమంది. తర్వాత ఏమీ అనలేదు.

సూరమ్మను మోసింది చెత్తబండి గంగులు, వీధిదీపాల మనిషి, ఊడ్చేవాళ్ళలో ఇద్దరు. ఆఫీసునుంచి ఒక్క నరపురుగూ రాలేదు. తిరిగి వస్తుంటే గంగులు అన్నాడు. "ఆళ్ళు మూడొందలమంది ఒక కుటుంబమైతే మరి మనమేంటంటావు?" దానికి జవాబు సువార్త చెప్పింది, నోటితో కాదు. ఇన్నాళ్ళూ గవరయ్యగారి సర్క్యులర్లన్నీ కొట్టీ కొట్టీ ఆ భాష ఆ పిల్ల వేళ్ళకు పట్టేసింది. మర్నాటికి ఆఫీసు గేటుకు ఒక కాగితం అంటించి ఉంది.

"విషయము: పొరుగుసేవల కుటుంబమునకు అశౌచము ప్రాప్తించుట గురించి. సూరమ్మగారు మనందరికీ తల్లి. కావున పొరుగుసేవల సిబ్బంది యావన్మందియు పది దినములు అశౌచము పాటించెదరు. కార్యాలయ సిబ్బంది మాకు పొరుగువారు గనుక వారికి ఈ అశౌచము అంటదు, సమస్త విధులనూ యథాతథముగా నిర్వర్తించుకొనవచ్చును."

"మీలో మైలలేవీ ఉండవు కదమ్మా" అని సెక్షన్లో ఎవరో సువార్తను ఫోన్‌లో అడిగారట. "మా చర్చిలో లేదండి. మా ఆఫీసులో ఉందండి" అందట.

కొత్తలంకపేట మొదటి రోజు సర్దుకుంది. రెండో రోజు చెత్త గుమ్మాలెక్కింది. మూడో రోజుకు కమిషనర్ బంగళాలో కూడా కుళాయి గాలి ఊదింది. మోటారు వేద్దామని ఇంజనీరు స్వయంగా వెళ్ళి, పంపుహౌసుకు తలుపు ఎటువైపుందో కనుక్కుని, తాళం చూసి తిరిగొచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఎండలో గవరయ్యగారు నూకరాజు ఇంటికి వచ్చారు. జుట్టు కుంకుడురసంతో అట్టకట్టి నిక్కబొడుచుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూసినవాళ్ళెవరైనా చాలా దగ్గరి చుట్టమే పోయిందనుకుంటారు. వాకిట్లో బల్లమీద కూర్చుని, సంచీలోంచి పసుపు రాసిన కవరు తీశారు.

"నియామక పత్రం. అయ్యగారు సంతకం చేసేశారు. మన తలంటు అయిన బుధవారం తేదీ వేశాం. అమ్మగారు పోవడానికి ముందురోజన్నమాట. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. నువ్విప్పుడు మా కుటుంబం" అన్నారు.

నూకరాజు దాన్ని తీసుకుని తన పేరు చూసుకున్నాడు. లోపలికి వెళ్ళి, దీపం దగ్గర పెట్టాడు. "అయ్యిందమ్మా" అన్నాడు మెల్లగా. అప్పుడు తన్నుకొచ్చింది దుఃఖం. గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని బయటికి వచ్చాడు.

"అయితే ఇప్పుడే వచ్చి మోటారు వేస్తావుగా" అన్నారు గవరయ్యగారు ఆశగా.

"ఎలా వత్తానండి? బుధవారం నించి నేను మీ కుటుంబమేనంటిరి. గురువారం మా అమ్మ పోయింది. మైల కదండీ. నాకూ, మీకూ, అయ్యగారికీ, అందరికీనండి. పది రోజులు ఆగాలండి. పద్ధతి."

గవరయ్యగారు నోరు తెరిచారు. ఏదో ఒక పేరా గుర్తుకొస్తుందేమోనని కాసేపు అలాగే ఉంచారు. అన్ని పేరాలూ ఆయన రాసినవే. నోరు ఎండిపోయి మూతపడింది. అరుగుమీద, బోరింగు నుంచి తెచ్చిన నీళ్ళ కుండ చల్లగా చెమర్చి ఉంది. ఆయన చూపు దానిమీద పడి అక్కడే ఆగిపోయింది.

"నూకరాజూ, కాసిన్ని మంచినీళ్ళు ఇప్పించు నాయనా."

నూకరాజు లేచి కుండమీద మూత సరిగా పెట్టాడు. చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మైలింట్లో మీలాంటోరు మంచినీళ్ళు ముట్టకూడదండి."